చేటల్లో లారీ తాళాలు

మా మావయ్యే నాకు మామగారు. మేనరికాలు చేసుకునే ఇళ్ళలో ఇది వింతేమీ కాదు. మా అమ్మకు ఆయన ఒక్కగానొక్క తమ్ముడు, ఆయన కొడుకుని నేను చేసుకున్నాను. అంతవరకే అయితే బాగానే ఉండును. మా నాన్నా ఆ మావయ్యా కలిసి సాలూరులో లారీల వ్యాపారం కూడా పెట్టారు. బావా బావమరుదులు, ఆ పైన పార్ట్‌నర్లు, నా పెళ్ళితో వియ్యంకులు కూడా అయ్యారు. ఒకే తాడుకి మూడు ముళ్ళు వేశారన్నమాట. ఒకటి విప్పబోతే మిగతా రెండూ బిగుసుకుంటాయని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. తోచినా చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

నేను నిలకడ లేని మనిషిని. కోపమొస్తే ఇల్లు కడుగుతాను, భయమేస్తే బీరువా సర్దుతాను, ఏమీ తోచకపోతే బస్సెక్కుతాను. మా వాళ్ళ కోర్టు గొడవ నడిచినంత కాలం మా ఇల్లు అద్దంలా మెరిసింది. వచ్చినవాళ్ళు ‘ఎంత శుభ్రంగా ఉంచుకున్నావమ్మా’ అని మెచ్చుకునేవారు. నాకు ఒళ్ళు మండేది.

మాది పెద్ద ఫర్మేమీ కాదు. ఆరు లారీలు. లారీలతో సంబంధం లేని ఇల్లు వెతుక్కోవాల్సిన ఊళ్ళో ఆరు లారీలకి మమ్మల్నెవరూ షావుకార్లనలేదు. ఏ లోడు దొరికితే అది వేసుకుని కొండదారి ఘాటీ ఎక్కి ఒడిశా మీదుగా రాయపూర్ వెళ్ళేవి, అక్కడ ఇంకేదో ఎత్తుకుని దిగేవి. నాన్న ఆఫీసు చూసేవాడు. లోడు మాట్లాడడం, పర్మిట్లు, టాక్సులు, ఇన్సూరెన్సులు అన్నీ ఆయన పనే. మావయ్య షెడ్డు చూసేవాడు. డ్రైవర్లు, టైర్లు, ఇంజన్లు ఆయనవి. ఒకరి పని ఒకరికి తెలియదు, తెలుసుకోవాలని అనుకోనూ లేదు. నాన్నకి జాకీ ఎక్కడ పెడతారో తెలియదు. మావయ్య జన్మలో ఒక ఫారం నింపి ఎరగడు.

నా చిన్నప్పుడు మాదీ వాళ్ళదీ ఒకే ఇల్లు, పొయ్యిలు రెండు. ఏ పొయ్యి మీద చేపల పులుసు కాగుతుంటే నేను ఆ ఇంటి పిల్లని. నాన్న కొట్టడానికొస్తే మావయ్య వెనక్కి పరిగెత్తేదాన్ని. ‘గుంటని ముట్టుకోకు బావా, సేతులిరిగిపోతాయి’ అనేవాడు మావయ్య. నాకు సైకిలు నేర్పింది ఆయనే, పదో క్లాసు తప్పితే మళ్ళీ కట్టించింది ఆయనే. అలాంటి ఇంటికి కోడలిగా వెళ్ళడమంటే ఈ గదిలోంచి ఆ గదిలోకి పెట్టె మార్చుకోవడమే అనుకున్నాను.

గొడవ కొత్త బండ్ల దగ్గర మొదలైంది. మావయ్యకి ఇంకో రెండు లారీలు ఫైనాన్సులో తీయాలని. నాన్నకి అప్పు అన్న మాట వింటేనే చలిజ్వరం వస్తుంది. ఇద్దరూ అరుచుకుని ఉంటే బాగుండేది, అరుపులు మా ఇంట్లో మామూలే. వాళ్ళు మర్యాదగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఒకరోజు మావయ్య మా నాన్నతో ‘మీ ఇష్టవండీ’ అన్నాడు. వంటింట్లో ఉన్న అమ్మ అది విని బయటికొచ్చేసింది.

“అండీ అన్నాక ఇంక కలిసుండకండి,” అంది ఇద్దరితో. “సెడిపోకముందే ఇడిపోండి. పంచీసుకోండి.”

మా రెండు ఇళ్ళూ మొదట్నుంచీ వ్యవసాయం ఇళ్ళు. కళ్ళంలో వడ్లు పంచుకోవడానికి మా వాళ్ళకో పద్ధతి ఉంది. పెద్దవాడు కుప్పలు పెడతాడు, చిన్నవాడు ముందు ఎత్తుకుంటాడు. పెట్టినవాడికి ఏరుకునే హక్కు లేదు కనుక ఎక్కువ తక్కువలు చెయ్యడు. ఏరుకున్నవాడు తన చేత్తోనే ఎత్తుకున్నాడు కనుక తర్వాత నోరెత్తడు. వాళ్ళ తాతలు అలాగే పంచుకున్నారు, వీళ్ళూ లారీల్ని అలాగే పంచుకున్నారు.

కరోనాకి ముందు ఏడాది, ఒక ఆదివారం పొద్దున్న షెడ్డులో జరిగింది. అక్కడ ఉన్నది నలుగురం. నాన్న, మావయ్య, అమ్మ, నేను. మా అత్తమ్మ అప్పటికే పోయింది. మా ఆయన లోడుతో రాయపూర్‌లో ఉన్నాడు. అమ్మ బియ్యం చెరిగే చేటలు రెండు తెచ్చి నేల మీద పెట్టింది. నాన్న ఒక్కో బండి తాళం తీసి, కాసేపు ఆలోచించి, ఈ చేటలో ఒకటి ఆ చేటలో ఒకటి వేశాడు. ఒక చేటలో షెడ్డు తాళం పెట్టాడు. రెండో దానిలో, చీపురుపల్లి స్టేషన్ దగ్గర ఫర్మ్ కొన్న ఖాళీ స్థలానికి తాళం లేదు కనుక, చిన్న మట్టిబెడ్డ పెట్టాడు. మధ్యలో ఒక తాళం ఈ చేటలోంచి తీసి ఆ చేటలో వేసి, మళ్ళీ యథాస్థానంలో పెట్టాడు. మావయ్య పక్కకి తిరిగి కూర్చున్నాడు. పెట్టేటప్పుడు ఏరుకునేవాడు చూడకూడదు.

“ఇంకెత్తుకో,” అన్నాడు నాన్న.

మావయ్య రెండు చేటలూ చూసి షెడ్డు తాళం ఉన్న చేట మీద చెయ్యేశాడు.

“అందులో పాత బండి ఉన్నాది, సూసుకో.”

“సూసాను బావా. నాను స్టీరింగు పట్టింది దాని మీదే. అదే కావాలి నాకు.”

చేట ఎత్తి తల దాకా తెచ్చి దించాడు. ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. అమ్మ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టింది. నేను వడ్డించాను. అంత తేలిగ్గా అయిపోయినందుకు నాకు గర్వంగా కూడా అనిపించింది.

మర్నాడు ఆడిటరు ఫోన్ చేసి నాన్నకి చెప్పాడు. ఫర్మ్ రద్దయినట్టు కాగితం రాసుకోవాలి, పేపర్లో ప్రకటన వెయ్యాలి, బండ్ల ఆర్‌సీలు ఎవరివి వాళ్ళ పేరు మీదికి మార్చుకోవాలి, లేకపోతే చట్టం కళ్ళకి మీరింకా కలిసున్నట్టే అని. నాన్న ఫోన్ పెట్టేసి నవ్వాడు. “నాకూ నా బావమరిదికీ మజ్జిన కాగితవేటి? ఊరు నవ్విపోదా?” అన్నాడు. ఆ మాట మావయ్యకి చెబితే ఆయనా నవ్వాడు. అడిగినవాడు అనుమానించినట్టు, రాయించినవాడు అవమానించినట్టు, అదీ మా వాళ్ళ లెక్క. వడ్లకి ఆర్‌సీ ఉండదు. ఎవరి గాదెలో పోస్తే వాళ్ళవి. లారీ అలా కాదు. అది ఎవరి షెడ్డులో పడుకున్నా కాగితంలో ఎవరి పేరుంటే వాళ్ళదే. ఈ చిన్న తేడా ఇద్దరిలో ఒక్కరికీ పట్టలేదు.

అమ్మా నాన్నా చీపురుపల్లిలో అప్పటికే కట్టుకున్న ఇంటికి వెళ్ళిపోయారు. నాన్న తన మూడు బండ్లూ అక్కణ్ణుంచి తిప్పుకున్నాడు. ఏడాదికి అమ్మ పోయింది. కర్మకాండ పనులన్నీ మావయ్య దగ్గరుండి చూశాడు. పదకొండో రోజు వరకూ ఇద్దరూ ఒకే చాప మీద పడుకున్నారు.

ఆ తర్వాత ఘాటీలో పాత బండికి బ్రేకులు పోయాయి. మలుపులో ఎదురుగా మోటారుసైకిలు మీద వస్తున్న మనిషిని గుద్దేసింది. ప్రాణం దక్కింది గానీ కాలు తీసేశారు. మా ఆయన పరిగెత్తుకెళ్ళాడు, మావయ్య ఆసుపత్రి ఖర్చులు పెట్టాడు. అప్పుడు బయటపడింది, బండికి ఇన్సూరెన్సు లేదని. ఇన్సూరెన్సు ఎప్పుడూ నాన్న ఆఫీసు పని. విడిపోయాక నాన్న తన మూడు బండ్లకే కట్టుకున్నాడు. మావయ్యకి అలాంటిదొకటి ఏటేటా కట్టాలన్న ధ్యాసే లేదు. ‘గుర్తుచెయ్యొచ్చు కదా నాన్నా’ అని నేను దెబ్బలాడితే ‘అడిగితే సెప్పేవాణ్ణే’ అన్నాడు. అడిగితే చెప్పడానికి, అడగాలని తెలియాలి కదా.

ఆర్‌సీలో ఇంకా ఫర్మ్ పేరే ఉంది కనుక నష్టపరిహారం కేసులో తీర్పు ఫర్మ్ మీద వచ్చింది. ఫర్మ్ అంటే ఇద్దరూ. కట్టకపోతే చీపురుపల్లి ఇల్లు జప్తు చేస్తామని నాన్నకి నోటీసు వచ్చింది. నాన్న లాయరు ఒక దారి చెప్పాడు. దెబ్బ తిన్న మనిషికి మీరిద్దరూ ఒకటే, అతని దగ్గర తప్పించుకోలేరు. కానీ మీలో మీకు ఎవరు భరించాలన్నది వేరే సంగతి. ఫలానా రోజుతో ఫర్మ్ రద్దయిపోయిందని, ఆ బండి మీ బావమరిది వాటాకి వెళ్ళిందని కోర్టులో తేల్చుకుంటే భారమంతా అటు పోతుంది అని.

దావా వేసే ముందు నాన్న ఒకసారి సాలూరు వచ్చాడు. లోపలికి రాలేదు, గేటు బయటే నిలబడ్డాడు.

“ఒక్క మాట సెప్పు. ఆ బండి నీదా, నాదా?”

“నాదే బావా,” అన్నాడు మావయ్య.

మా ఆయన మధ్యలోకి వచ్చి తండ్రిని లోపలికి తీసుకెళ్ళిపోయాడు. నేను గేటు దగ్గర నిలబడి ‘కాఫీ తాగు నాన్నా’ అన్నాను. నాన్న నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఏమిటో ఆ గేటు దగ్గరే చూశాను.

మా ఆయన్ని రాక్షసుణ్ణి చెయ్యడం నాకిష్టం లేదు. ఆయన లెక్క కూడా అన్యాయమైనదేం కాదు. ‘సగం మీ నాన్న మోస్తే మనవూ నిలబడతాం, ఆయనా నిలబడతాడు. మొత్తం మన మీద పడితే మూడు బండ్లూ పోతాయి. రేపు ఏం తింటాం?’ అనేవాడు. సగం పడాలంటే ఫర్మ్ ఇంకా బతికే ఉండాలి. ఫర్మ్ బతికి ఉండాలంటే ఆ ఆదివారం జరగలేదనాలి. మా ఆయన ఆ రోజు ఊళ్ళో లేడు కనుక జరగలేదనడం ఆయనకు కష్టం కాలేదు. పంపకమనేదే లేదు, ఇప్పటికీ ఉమ్మడి వ్యాపారమే అని జవాబు దావా రాయించి తండ్రి ముందు పెట్టాడు. మావయ్య కళ్ళజోడు పెట్టుకోకుండా సంతకం చేశాడు. చదివితే పెట్టలేడు కనుక చదవలేదు. నేను పక్కనే నిలబడి చూశాను, నా చేతిలో గుడ్డ ఉంది, అప్పటికి ఆ బల్ల మూడుసార్లు తుడిచాను.

వాయిదాలు పడుతూ పోయాయి. ఇద్దరి మధ్యా నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. పండక్కి వెళితే నాన్న ‘ఆల్లింట్లో ఏటనుకుంటన్నారు’ అని అడిగేవాడు. తిరిగొస్తే మా ఆయన ‘అక్కడేమంటున్నారు’ అనేవాడు. ఏదో ఒకటి చెబితే వేగులదాన్ని, చెప్పకపోతే దొంగని. చివరికి రెండు చోట్లా వాన గురించి మాట్లాడడం అలవాటు చేసుకున్నాను.

కాలు పోయిన మనిషిని ఒకసారి చూశాను. మా ఆయనకి కాగితాలేవో ఇవ్వడానికి విజయనగరం కోర్టుకి వెళ్ళినప్పుడు వరండాలో చంకకర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. వయసు మా ఆయనంతే ఉంటుంది. నన్ను లాయర్లతో చూశాడు కాబోలు, “మీరు ఏ పార్టీ అమ్మా?” అని అడిగాడు. కోపంగా కాదు, బస్సు ఎక్కడికని అడిగినట్టు అడిగాడు. వీళ్ళిద్దరూ తేల్చుకునే దాకా ఎదురుచూస్తున్నది అతనని మా రెండు ఇళ్ళలో ఎవరూ అనుకోగా నేను వినలేదు. నేనూ అనుకోలేదు. సిగ్గుతో తల తిప్పుకుని మెట్లు దిగిపోయాను.

ఆ తర్వాత సమన్లు వచ్చాయి, నా పేరు మీద. నాన్న నన్ను సాక్షిగా వేశాడు. తీసుకొచ్చిన మనిషి దగ్గర సంతకం పెట్టి తీసుకున్నది మా ఆయనే. చదివి, మడిచి, టీవీ మీద పెట్టాడు.

“ఒంట్లో బాలేదని సర్టిఫికెట్ పెట్టిద్దాం,” అన్నాడు.

“నాకేం జబ్బు?”

“మీ అమ్మ లేదు. ఆ రోజు ఉన్నవాళ్ళలో వాళ్ళిద్దరూ పోగా మిగిలింది నువ్వొక్కదానివే. నువ్వు వెళ్ళకపోతే చాలు. అబద్ధం చెప్పమని నేనడగట్లేదు.”

మావయ్య వాలుకుర్చీలో పేపరు చూస్తున్నాడు. ఆయనేమైనా అంటాడేమోనని చూశాను. “టీ పెడతావేటే,” అన్నాడు.

ఆ టీ ఇచ్చేసి అలాగే బస్సెక్కి చీపురుపల్లి వెళ్ళాను. అంత కోపం నాకు నాన్న మీద ఎప్పుడూ రాలేదు. చెప్పులు విడవకుండానే అడిగాను.

“నన్నెందుకు లాగావు?”

“ఇంకెవులున్నారే? మీ అమ్మ నేదు.”

“నేను నీ తరపున చెబితే ఆ ఇంట్లో ఎలా ఉండమంటావు?”

“నా తరపునేటి? జరిగింది సెప్పమన్నాను. నిజం సెప్తే పోయే కాపరవైతే అదేం కాపరవే?”

ఎంత తేలిగ్గా అన్నాడో. అలాంటి మాటలు వినడానికి బాగుంటాయి, కాపురం చేసేవాళ్ళకే తెలుస్తుంది. మంచినీళ్ళు కూడా తాగకుండా వెనక్కి బయల్దేరాను. బస్సులో ఏడ్చాను. నాన్న ఇల్లు పోతే నాన్న ఎక్కడికి పోతాడు? మా లారీలు పోతే మేమెక్కడికి పోతాం? నేను నోరు విప్పితే ఒక ఇల్లు, మూసుకుంటే ఒక ఇల్లు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇంటికి చేరేటప్పటికి ఒక్కటి మాత్రం తెలిసింది. జబ్బు సర్టిఫికెట్ పెట్టించుకుని ఇంట్లో పడుకోవడం నా వల్ల కాదు. నేను చూసినది చూడలేదని, ఉన్నదాన్ని లేనని ఎలా అనుకోవడం? అమ్మ చేటలు తేవడం, వాళ్ళిద్దరికీ అన్నం పెట్టడం కూడా జరగలేదనుకోవాలి కదా. అది నా చేత కాదు.

‘వెళ్తాను’ అని చెప్పాను. మా ఆయన ఆ రోజు అన్నం తినలేదు.

వాయిదా రోజున ముగ్గురం ఒకే కారులో బయల్దేరాం. వాళ్ళ మీద సాక్ష్యం చెప్పడానికి వాళ్ళ కారులోనే వెళ్ళాను. ఆ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. గజపతినగరంలో కారాపించి మావయ్య టిఫిన్ చెప్పాడు. “దీనికి ఇడ్లీ, సెట్నీ ఎక్కువెయ్యి, కారం పొడి వద్దు,” అని హోటలు వాడికి చెప్పాడు. నేను లేచి బయటికెళ్ళి కారు చుట్టూ తిరిగాను.

కోర్టు హాలులో నాన్న ఒక చివర కూర్చున్నాడు, మావయ్య ఇంకో చివర. నన్ను బోనెక్కించారు. వాదికి ఏమవుతారని అడిగారు. కూతుర్నన్నాను. ప్రతివాదికి? మేనకోడల్ని, కోడల్ని అన్నాను. జడ్జిగారు ఒక్కసారి తలెత్తి నా ముఖం చూశారు. ఆ ఆదివారం సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. చేటలు, తాళాలు, మట్టిబెడ్డ.

తర్వాత మావయ్య తరపు లాయరు లేచాడు. మంచిగానే మొదలుపెట్టాడు. మీ నాన్నగారంటే మీకు ప్రాణం కదా అన్నాడు. అవునన్నాను. ఆయన ఇల్లు పోతుందని బెంగ కదా. అవునన్నాను. చీపురుపల్లి స్థలం మీ పేరున రాస్తానని ఆయన మీకు ఆశ పెట్టారు కదా. లేదన్నాను. చేటలూ లేవు, పంపకమూ లేదు, తండ్రి కోసం మీరు ఈ కథంతా కల్పించి కోర్టులో అబద్ధం ఆడుతున్నారు అంటాను అన్నాడు. అది వాళ్ళు మామూలుగా అడిగే ప్రశ్నేనని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం అందరి ముందూ నన్ను దొంగంటున్నట్టే అనిపించింది. నేను ఏదో అనబోయేలోపు వెనక బెంచీ కిర్రుమంది.

“అది అబద్ధం ఆడదు,” అన్నాడు మావయ్య.

హాలులో అందరూ వెనక్కి తిరిగారు. మా ఆయన తండ్రి చొక్కా పట్టుకుని లాగుతున్నాడు.

“మీరు కూర్చోండి,” అన్నారు జడ్జిగారు.

“కూకుంటానయ్యా. ఈ గుంటని నాను పెంచాను. ఇది అబద్ధం ఆడదు. సేట నానే ఎత్తుకున్నాను. ఆ బండి నాదే.”

లాయరు మావయ్య వైపు నమ్మలేనట్టు చూశాడు. వీధిలో ఎవరో నన్ను ఏదో అన్నట్టు మావయ్య లేచాడంతే. తన కేసుని తానే ముంచుకుంటున్నానని ఆయనకి తెలియదని కాదు. తెలిసీ కూర్చోలేకపోయాడు. నేను బోను కర్ర పట్టుకుని గట్టిగా ఏడ్చేశాను. తర్వాతి వాయిదాలో ఆయన్నే బోనెక్కించి అడిగారు. అక్కడా అదే చెప్పాడు, ఒక్క అక్షరం మార్చకుండా.

నేను సాక్ష్యం చెప్పిన ఆ రోజు కోర్టు బయటికొచ్చాక నాన్న గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మావయ్య కారు దగ్గరికి నడుస్తూ ఆగాడు.

“బావా, బస్సులో ఏటెల్తావు. రా, దింపీసి ఎల్తాం.”

అన్నేళ్ళ తర్వాత వాళ్ళ మధ్య మొదటి మాట అది. కారు తలుపు తెరిచి పట్టుకున్న మావయ్యని నాన్న చూశాడు, నన్ను చూశాడు. “నాకు పనున్నాది,” అని రోడ్డు దాటేశాడు. మేము మలుపు తిరుగుతుంటే బస్సుల వైపు నడుస్తూ కనబడ్డాడు. ఓడినవాడు కోర్టులోనే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడంటారు. మా నాన్న ఇంటికెళ్ళి ఏం చేశాడో నాకు తెలియదు.

తీర్పు నాన్నకి అనుకూలంగా వచ్చింది. మా బండ్లు అమ్మేశాం, పాతది ఇనుము ధరకే పోయింది. కాలు పోయిన మనిషికి ఆలస్యంగానైనా డబ్బు ముట్టింది. ఆ ఒక్క విషయంలోనే నా మనసు కుదుటపడింది. మా ఆయన ఇప్పుడు వేరేవాళ్ళ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పనిచేస్తున్నాడు. సొంత బండ్లు తోలినవాడు ఇంకొకరి బండ్లకి లోడు రాసుకోవడం ఎలా ఉంటుందో ఆయన చెప్పడు, నేనడగను. నాతో మాట్లాడతాడు. ఉప్పు తక్కువైంది, కరెంటు బిల్లొచ్చింది, తాళం ఎక్కడ పెట్టావు. అంతే. ఒక్కసారి తిట్టేస్తే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

నాన్న రోజూ మధ్యాహ్నం ఫోన్ చేస్తాడు. ‘మీ మావ తిన్నాడా? బీపీ మాత్ర ఏసుకుంటన్నాడా?’ ఈ రెండూ తప్పనిసరి. ‘పక్కనే ఉన్నాడు, ఇవ్వనా’ అంటే పెట్టేస్తాడు. సాలూరు రమ్మంటే రాడు. నేను వెళ్దామంటే, నాన్న ఇల్లు నిలబెట్టి ఇచ్చిన కూతురు వెళ్ళి ఆ ఇంట్లో కూర్చుంటే మా ఆయనకి ఎలా ఉంటుందోనని ఆగిపోయాను. నెలలు గడిచిపోయాయి.

మొన్న నా చేతులు పిండిలో ఉండగా ఫోన్ మోగింది. మావయ్య తీశాడు. నేననుకుని నాన్న మామూలుగా అడిగేసినట్టున్నాడు.

“తిన్నాను బావా,” అన్నాడు మావయ్య.

అటునుంచి మాట లేదు. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు. మావయ్య చెవి దగ్గరే పెట్టుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపటికో ఫోన్ దించి నా వైపు తిరిగాడు.

“మీ నాన్న దగ్గుతన్నాడు. మామూలు దగ్గు కాదది. ఒక్కడే ఉన్నాడు. ఎల్లు, సూసిరా.”

రెండు చీరలు సంచిలో పెట్టుకున్నాను. అప్పుడే వచ్చిన మా ఆయనకి మావయ్యే చెప్పాడు. ఆయన మోటారుసైకిలు బయటికి తీసి బస్టాండులో దింపాడు. వెంటనే వెళ్ళిపోతాడనుకున్నాను. హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు.

“ఎప్పుడొస్తావు?” అన్నాడు.

ఉప్పూ తాళాలూ కాకుండా ఆ తీర్పు తర్వాత ఆయన నన్నడిగిన మొదటి మాట అది. రమ్మంటున్నాడో, ఇక ఉండిపొమ్మంటున్నాడో ముఖం చూస్తే తెలియలేదు.

“నువ్వు పిలిస్తే వస్తాను బావా,” అన్నాను.

సంచి తీసుకుని బస్సెక్కాను. బస్సు కదిలింది. బస్సు మారాల్సిన విజయనగరం చేరేదాకా ఫోన్ చేతిలోనే పట్టుకున్నాను. మోగలేదు.